గూట్లో మిగిలిన రాయి

నీళ్లగవిలో చుక్క నీరు లేదు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, లేనిదానికి పేరు పెట్టుకుని మురిసిపోవడం మా సీమలో మామూలే. వేంపల్లె నుంచి షేర్ ఆటోలో ముప్పావుగంట పోతే నల్లటి గుట్టల కింద ఈ గవి, అంటే గుహ, నోరు తెరుచుకుని కనిపిస్తుంది. నోటికి ఒక ఇనుప గేటు, గేటు పక్కన వేపచెట్టు, చెట్టు కింద నీళ్లకుండ, కుండ పక్కన దస్తగిరమ్మ. పాతికేండ్లుగా ఈ వరస మారలేదు.

నేను వేంపల్లెలో జెరాక్స్ అంగడి నడుపుతాను. పేరు రంగస్వామి. అర్జీలు కూడా టైపు చేసి పెడతాను. దస్తగిరమ్మకు చదువు రాదు, నాకు ఓపిక లేదు. అయినా ఆమెకు పదకొండు అర్జీలు టైపు చేశాను. అన్నిట్లోనూ కోరిక ఒక్కటే: గవి లోపల చివరిదాకా కరెంటు దీపాలు వేయించండి. ఆ దీపాలు ఆమెకు ఎందుకు కావాలో తెలియాలంటే ముందు గూడు సంగతి చెప్పాలి.

గేటు దాటగానే ఎడమచేతి గోడలో దీపం పెట్టుకునేంత గూడు ఒకటి ఉంది. గేటు బయట నాపరాతి ముక్కల కుప్ప. లోపలికి పోయే ప్రతి మనిషీ కుప్పలోంచి ఒక రాయి తీసి గూట్లో పెట్టాలి. తిరిగి వచ్చాక గూట్లోంచి ఒక రాయి తీసి కుప్పలో వేయాలి. అలా వేసిన చేతికి దస్తగిరమ్మ ఒక లోటా నీళ్లు ఇస్తుంది. సాయంత్రం ఐదున్నరకు గూడు ఖాళీగా ఉంటే గేటుకు తాళం. ఒక్క రాయి మిగిలినా లాంతరు పట్టుకుని లోపలికి పోయి వెతకాలి. ఆమె మామ పెట్టిన పద్ధతి ఇది. ఆయన బతికున్నన్నాళ్లూ గవిలో ఒక్క మనిషి కూడా తప్పిపోలేదు.

ఆ మామ కొడుకు గౌస్ పీర్, దస్తగిరమ్మ మొగుడు. మంగంపేట ముగ్గురాళ్ల గనుల్లో పదేండ్లు పనిచేసి, దగ్గు వెంటబెట్టుకుని ఇంటికి వచ్చి, తండ్రి పనినే అందుకున్నాడు. ఆయన దగ్గు ఊరందరికీ తెలుసు. రెండు దగ్గులు, ఆ తర్వాత గొంతులో ఒక గుటక. నీళ్లు తాగితే గాని ఆగేది కాదు. మనిషి కనబడకముందే దగ్గు వినబడేది.

ఆయనకొక ధ్యాస ఉండేది. గండికోటకు పోయే కార్లలో పదోవంతు ఇటు తిరిగినా ఊరు బాగుపడుతుందని. ఎవరో పెద్దమనిషి వచ్చి, గవి ఎంత పొడుగుంటే అంత పేరు వస్తుందని చెప్పి పోయాడట. అప్పటినుంచి గౌస్ పీర్ లోపల ఎక్కడ సందు కనబడితే అక్కడ దూరి కొలవడం మొదలుపెట్టాడు. నా అంగడికి వచ్చినప్పుడల్లా కొత్త కొలత చెప్పేవాడు. నేను నవ్వేవాణ్ణి. అలా నవ్వి ఉండకూడదని ఇప్పుడు అనుకుంటాను.

ఎనిమిదేండ్ల కిందట ఒకరోజు ఏదో బడి పిల్లలు బస్సులో వచ్చారు. ఆ మధ్యాహ్నం దస్తగిరమ్మ బిందె తీసుకుని బోరు దగ్గరికి పోయింది. ఆ కాసేపట్లో గౌస్ పీర్ వేంపల్లె నుంచి తిరిగి వచ్చి, గూట్లో రాయి పెట్టి, పురికొస చుట్టా టార్చీ పట్టుకుని లోపలికి పోయాడు. ఆమె చూడలేదు. ఆయన ఇంకా వేంపల్లెలోనే, చెల్లెలి ఇంట్లో ఉన్నాడనుకుంది. సాయంత్రం పిల్లలు అరుచుకుంటూ బస్సెక్కి పోయాక చూస్తే గూట్లో ఒక రాయి మిగిలింది. ఏ పిల్లోడో తీయడం మరిచిపోయాడనుకుంది. లాంతరులో కిరసనాయిలు లేదు. గేటు దగ్గరే నిలబడి లోపలికి రెండుసార్లు కేకేసింది. పలుకు లేదు. ఆ రాయిని తీసి తానే కుప్పలో పారేసి తాళం వేసింది.

మూడోరోజుకు గాని ఆయన చెల్లెలి ఇంట్లో లేడని తెలియలేదు. మనుషులు వచ్చి వెతికారు. పురికొస ఒక పక్కసందు దాకా పోయి, కూలిన రాళ్ల కింద ఆగిపోయింది. అవతల గాలి లేదు, పైకప్పు వదులుగా ఉంది, దీపాలు లేకుండా లోపలికి పోతే ఇంకొకరు పోతారని చెప్పి వెనక్కి వచ్చేశారు.

ఆ రోజు దస్తగిరమ్మ రాళ్లకుప్ప మీద కూర్చుని పొద్దంతా ఒక్కొక్క ముక్కా చేతిలోకి తీసుకుని చూసింది. తాను పారేసిన రాయి ఏదో తెలుసుకోవాలని. వెయ్యి ముక్కల్లో అది దొరికేదేనా? ఎండకు అన్నీ కాలుతున్నాయి. పొద్దు వాలే వేళకు ఒకటి చల్లగా తగిలిందట. దాన్ని తెచ్చి గూట్లో లోపలి మూలన పెట్టింది.

"ఇది ఆయనదే రంగస్వామన్నా," అంది నాతో. "నేనే పారేసినా, నేనే తాళమేసినా. ఆయన బయటికి వచ్చేదాకా ఇది ఈడనే ఉంటాది."

ఇలాంటి మాటలకు అవుననీ కాదనీ అనకూడదు. అప్పటినుంచి రోజూ సాయంత్రం గూట్లో ఒక రాయి మిగిలేది. ఆమె గేటు వేస్తూ లోపలికి ఒకసారి, "ఉండావా?" అని అడిగేది. కాసేపు నిలబడి తాళం వేసేది. పోయినవాళ్ల పేరున చదివే ఫాతిహా చదివించమని బంధువులు ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. మనిషి పోయాడని ఎవరు చూశారని అడిగేది.

దీపాల అర్జీలు అప్పుడు మొదలయ్యాయి. ప్రతిసారీ కడప టూరిజం ఆఫీసు నుంచి ఒకే జవాబు. సందర్శకులు మీ దగ్గర చేసే ఖర్చు తక్కువ, ఇతర స్థలాలతో పోటీలో మీ స్థానం అడుగున ఉంది కాబట్టి నిధులు కుదరవు. దీపం లేదు గనక జనం రారు, జనం రారు గనక దీపం లేదు. ఈ ముక్క చెప్పడానికి వాళ్లకు మూడు పేజీలు పట్టేది. అందులో జెరాక్స్ ఖర్చు మాత్రం మాది.

జనాన్ని తెచ్చింది చివరికి ఆ రాయే. గేటు ఎదురుగా టీ బంకు పెట్టుకున్న వీరభద్ర ఒకసారి ఎవరికో ఆ మూల రాయి చూపించి, ఇది ఇంకా బయటికి రాని మనిషిదని చెప్పాడు. విన్నవాడు దాన్ని ఫోనులో తీసి లోకానికి చూపించాడు. మరుసటి ఆదివారానికి నలభై కార్లు వచ్చాయి. ముందంతా గవి చూసి ఇరవై నిమిషాల్లో వెళ్లిపోయేవాళ్లు, ఇప్పుడు రెండు గంటలు కదలడం లేదు. దస్తగిరమ్మ "ఉండావా?" అని పిలిచేది వినాలని సాయంత్రం దాకా కూర్చుంటున్నారు. కూర్చున్నవాళ్లకు ఆకలి అవుతుంది. వీరభద్ర బోండాలు వేశాడు, తర్వాత బిర్యానీ పెట్టాడు, తర్వాత రేకుల కింద బెంచీలు వేశాడు. ఊళ్లో నాలుగిళ్లవాళ్లు గదులు అద్దెకిచ్చారు.

నాకు ఒళ్లు మండి ఆమెనే అడిగాను. "నీ మొగుడి రాయితో ఫోటోలు దిగుతున్నారు కదమ్మా, నీకేమీ అనిపించదా?"

"అనిపించకేమి?" అంది. "అయినా రానీన్నా. వాళ్లు దుడ్లు ఖర్చు పెడితే దీపాలొస్తాయని గదా ఆ కాగితాల్లో రాసినారు. దీపాలొస్తే ఆ సందు తెరుస్తారు. ఆయన్ను నేను సూస్తా. ఆయన ఎట్లున్నా సరే."

ఈ ఏడాది వేసవి మొదట్లో కర్నూలు నుంచి దావీదురాజు అని ఒక టూరిజం సర్వే ఉద్యోగి వచ్చాడు. నెమ్మదైన మనిషి. సీమ జిల్లాల్లో ఆరు చోట్లు చూసి అందులో ఒకదానికి నిధులివ్వాలట. వచ్చినవాళ్లను పట్టుకుని ఎంతసేపు ఉన్నారు, ఎంత ఖర్చు పెట్టారు, మళ్లీ వస్తారా అని అడిగి రాసుకునేవాడు. మూడోరోజు వీరభద్ర బెంచీ మీద కూర్చుని మాకు విడమరిచి చెప్పాడు.

"మనిషి ఎంతసేపు ఆగితే అంత ఖర్చు పెడతాడమ్మా. ఖర్చు కనబడిన చోటనే పైవాళ్లు ఇంకా పెడతారు. అక్కడికే ఇంకా జనం పోతారు. ఈ పోటీలో మిగతా ఐదింటికీ కోటలూ గుళ్లూ ఉండాయి. మీకు ఉండేది ఆ రాయొక్కటే. దానివల్లనే మీరిప్పుడు మొదటి స్థానంలో ఉండారు."

దస్తగిరమ్మ లేచి గేటు దాటి పోయింది. కొంగుతో గూడు దుమ్ము తుడిచింది.

ఆ సాయంత్రం గుంపు ఎక్కువ. ఐదున్నరకు అందరూ వెళ్లాక ఆమె గూట్లోకి చూసింది. ఒక రాయి ఉంది. మూలన కాక కాస్త ముందుకు జరిగి ఉంది. ఫోటోల కోసం జరిపి ఉంటారనుకుంది. "ఉండావా?" అని అడిగింది. లోపల ఏదో కదిలినట్టు అనిపించిందట. ఎనిమిదేండ్లుగా అలా అనిపిస్తూనే ఉంది కాబట్టి పట్టించుకోలేదు. తాళం వేసి ఇంటికి పోయింది.

పొద్దున్నే వీరభద్ర బంకు తెరుస్తూ బంకు వెనక దావీదురాజు మోటారుసైకిల్ చూశాడు. సంగతి విని దస్తగిరమ్మ ఉన్నపళంగా పరుగెత్తింది. గూట్లో రాయిని చేతిలోకి తీసుకుంది. ఆ చల్లదనం లేదు, అది గౌస్ పీర్ రాయి కాదు. ఆయన రాయిని ముందురోజు గుంపులో ఎవరో జేబులో వేసుకుని పోయారు. మిగిలింది దావీదురాజు పెట్టిన రాయి. ఒకటి పోయి ఒకటి ఉంది, లెక్క సరిపోయింది, లోపల మనిషి ఉండగా ఆమె రెండోసారి తాళం వేసింది.

వీరభద్ర ఫోను చేస్తే నేనూ పోయాను. వాళ్లిద్దరి వెంట లాంతరుతో లోపలికి దిగాను. నడిచినంతసేపూ ఆమె, "అల్లా, ఈ పాపం నాకొద్దు, ఈయన్నయినా ఇయ్యి," అని గొణుగుతూనే ఉంది. దావీదురాజు పక్కసందు దగ్గర గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. బతికే ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

"లేచి రా నాయనా," అంది దస్తగిరమ్మ.

"లేవొచ్చునా?" అని అడిగాడు. మమ్మల్ని కాదు. పక్కకు తిరిగి, ఎవరూ లేని వైపు చూసి అడిగాడు.

బయటికి తెచ్చి నీళ్లు తాగించాక చెప్పాడు. దారి ఎంత పొడుగో కొలుద్దామని సందుదాకా పోయాడట. ఫోను ఆరిపోయింది. కేకలు వేసి వేసి, చీకట్లో గోడ పట్టుకుని నడవబోయాడు. ముందునుంచి ఎవరో దగ్గారు. తననే వెతకడానికి వచ్చారనుకుని, "ఎవరండీ?" అన్నాడు. మాట లేదు. ఇంకో అడుగు వేయబోతే మళ్లీ దగ్గు, ఈసారి మొహం ముందే. భయపడి కూర్చున్నాడు. లేచినప్పుడల్లా దగ్గు. కూర్చుంటే ఊరుకునేది. తెల్లవార్లూ అంతే.

"ఎట్ల దగ్గినాడు?" అని దస్తగిరమ్మ అడిగింది. ఆమె గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"రెండుసార్లు దగ్గి, మింగినట్టు ఒక శబ్దం అమ్మా. దాహమైన మనిషి మాదిరి."

వీరభద్రా నేనూ లాంతరు తీసుకుని మళ్లీ లోపలికి పోయి చూశాం. దావీదురాజు కూర్చున్న చోటికి రెండడుగుల ముందు గుంత ఉంది. రాయి వేస్తే అడుగు తాకిన చప్పుడు రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం వదల్లేదు. ఆ సంగతి వీరభద్ర ఎక్కడా చెప్పడు, అందుకే నేను రాస్తున్నాను.

దావీదురాజు ఎవరి మీదా ఫిర్యాదు చేయలేదు. తన లెక్కలు ఉన్నదున్నట్టు పైకి పంపాడు. నెలలోపు ఒక గురువారం పెద్దవాళ్లు చూడటానికి వస్తారని, రాయి మాత్రం గూట్లో ఉండాలని ఫోను చేశాడు. రాయి ఎక్కడుంది? దస్తగిరమ్మ అన్నం మానేసింది. పోయినోళ్లను మట్టిలో పెట్టుకుంటారు, నా మొగుడు ఎవరి జేబులో ఉన్నాడో అని ఏడ్చింది. ఏదో ఒక రాయి పెట్టేద్దామని వీరభద్ర అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. లోపలికి పోని మనిషికి రాయి పెడితే అది ఎవరినో పిలిచినట్టేనంది.

ఆ గురువారానికి రెండు రోజుల ముందు నా అంగడి చిరునామాకు ఒక పార్శిల్ వచ్చింది. గవి గురించి ఎవరడిగినా వీరభద్ర ఇచ్చేది నా చిరునామానే. పార్శిల్ మీద, నీళ్లగవి గేటు దగ్గర ఉండే అమ్మకు అని రాసి ఉంది. తీసుకుని పోయి వేపచెట్టు కింద విప్పాను. పాత తువ్వాలులో చుట్టిన నాపరాయి ముక్క, ఒక ఉత్తరం. కర్నూలు పక్కన కల్లూరు నుంచి శివకుమారి అనే ఆమె రాసింది. పైకి చదివాను.

"అమ్మా, మీ గూట్లో రాయి తీసింది మా ఆయన. తమాషాకు తీసినాడు. మా కొత్త ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టినాము. మొదటి రాత్రి ఏమీ లేదు. రెండోరోజు నుంచి, సాయంత్రం సరిగ్గా ఐదున్నరకు, మా వంటింట్లో నీళ్ల బిందె దగ్గర ఎవరో దగ్గుతాండారు. రెండు దగ్గులు, తర్వాత ఒక గుటక. భయపెట్టేది ఏమీ లేదు. శానా దప్పికైన మనిషి మొహమాటపడి నిలబడినట్టు ఉంటుంది. మా అత్త ఒకరోజు గ్లాసులో నీళ్లు పోసి పెట్టింది. తాగలేదు. మా నీళ్లు తాగడని అర్థమైంది. క్షమించండి."

మొదటి రాత్రి ఏమీ లేదు. ఆ మాట దగ్గర ఆగి ఇంకోసారి చదివాను. రాయి కల్లూరు చేరిన మొదటి రాత్రి, గవిలో ఒక మనిషి గుంతలో పడకుండా ఎవరో కాపలా కాస్తున్నారు.

దస్తగిరమ్మ రాయిని అరచేతిలో పెట్టుకుంది. మిట్టమధ్యాహ్నం. "సల్లగా ఉండాది," అంది.

వీరభద్ర నమస్కారం పెట్టినంత పని చేశాడు. "అక్కా, దాన్ని మూలన పెట్టు. ఈ ఉత్తరం పటం కట్టించి పక్కన తగిలిస్తా. గురువారం వాళ్లు సూసినారంటే ఇంక మనకు తిరుగుండదు. దీపాలొస్తాయి. సందు తెరుస్తారు. నువ్వు కోరిందే గదా."

నిజం చెప్పాలి. నేనూ అదే అన్నాను. పదకొండు అర్జీలు టైపు చేసిన చేతులు ఇవి. "రెండు రోజులు ఉంచమ్మా, తర్వాత నీ ఇష్టం," అన్నాను.

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. కోపం లేదు.

"దీపాలేసి యాడ సూస్తాం రంగస్వామన్నా? ఆయన లోపల లేడు గదా. గూట్లోంచి రాయి లేచినాది, గేటు దాటినాది. దాటినోడు వచ్చినట్టే గదా లెక్క. అంత దూరం పోయి, అడగనీకి సిగ్గుపడి, దప్పికతో తిరిగి వచ్చినాడు. ఇప్పుడు మళ్లా తీసుకపోయి లోపల పెట్టేదా? నేనేనా పెట్టేది?"

లేచి కుప్ప దగ్గరికి పోయింది. రాయిని ఒకసారి చెంపకు ఆనించుకుంది. తర్వాత, బయటికి వచ్చినవాళ్లందరూ వేసినట్టే, కుప్పలో వేసింది. అది రెండుసార్లు దొర్లి మిగతావాటిలో కలిసిపోయింది. వీరభద్ర పరుగెత్తి వంగి చూశాడు. వెయ్యి రాళ్లు, అన్నీ నల్లగా, ఎండకు కాలుతూ ఉన్నాయి. ఒక్కొక్కటీ పట్టుకుని చూసి చేతులు విదిలించుకున్నాడు. ఆమె కుండలోంచి ఒక లోటా ముంచి చెట్టు కింద బండ మీద పెట్టింది.

ఆ శుక్రవారమే ఫాతిహా చదివించింది.

గురువారం వచ్చిన పెద్దవాళ్లు ఖాళీ గూడు చూసి, పద్నాలుగు నిమిషాలుండి, టీ కూడా తాగకుండా పోయారు. నిధులు వేరేచోటికి పోయాయి. ఎక్కడికో చెప్పను, అక్కడివాళ్లు సుఖంగా ఉండనీ. మాకు కార్లు తగ్గాయి. వీరభద్ర బెంచీల మీద ఇప్పుడు మేకలు పడుకుంటున్నాయి. వాడు నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. తర్వాత వాడే టీ తెచ్చిచ్చాడు.

దస్తగిరమ్మ మాత్రం ఐదున్నరకు గూడు చూస్తుంది. ఖాళీగా ఉంటుంది. ఇప్పుడు లోపలికి పిలవదు. తాళం వేసి, బండ మీద ఒక లోటా నీళ్లు పెట్టి ఇంటికి పోతుంది. పొద్దునకు లోటా ఖాళీ. ఉడుతలు తాగుతాయని నేను అన్నాను. తాగుతాయేమోనని ఆమె ఒప్పుకుంది.

పోయిన వారం ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఆమె తాళం వేసి, లోటా బండ మీద పెట్టి, నాతో బోరు మోటారు చెడిపోయిన సంగతి చెబుతూ ఉంది. ఇద్దరం బండకు వీపు పెట్టి కూర్చున్నాం. గాలి లేదు. మా వెనక, జానెడు దూరంలో, ఎవరో రెండుసార్లు దగ్గారు. తర్వాత గుటక వేసిన చప్పుడు.

దస్తగిరమ్మ తల తిప్పలేదు. కుండ మీద మూత తీసి ఇంకో లోటా ముంచింది.